గానుగ పెట్టే ముందు: అనంతపురంలో మార్కెట్ పరిశోధన డైరీ

సెప్టెంబర్ 2, 2024

అనంతపురంలో ఒక చిన్న చెక్క గానుగ పెట్టి, వేరుశనగ నూనె తీసి అమ్మాలన్న ఆలోచన నాకూ మా బావమరిదికీ కొంతకాలంగా ఉంది. యంత్రం గురించి తెలుసుకోవడం తేలికగానే ముగిసింది. కోయంబత్తూరు తయారీదారులు అడిగిన వెంటనే వీడియోలూ కొటేషన్లూ పంపారు. ఒక వాయికి పదిహేను కిలోల పప్పు పట్టే గానుగ, దాని మోటారు, నూనె తేరుకోవడానికి తొట్లు, అన్నీ విడమరచి చెప్పారు. ఆ నూనెను ఎవరు కొంటారన్న ప్రశ్నకు మాత్రం వారందరి జవాబూ ఒక్కటే: "ఇప్పుడు అందరూ గానుగ నూనే అడుగుతున్నారు సార్." యంత్రం అమ్మేవారు అలా అనడం సహజమే గానీ, ఆ మాట మీద అడ్వాన్సు కట్టలేము. అందుకే డబ్బు పెట్టే ముందు మార్కెట్ పరిశోధన అంటే ఏమిటో నేర్చుకుంటూ, తెలిసినదాన్ని తెలిసినట్టు ఇందులో రాసుకోవాలని నిర్ణయించుకున్నాము.

ముందుగా, ఎంత అమ్మితే నిలబడగలమో లెక్క వేశాము. ఈ సీజన్‌కు వేరుశనగ కనీస మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. క్వింటాలు కాయలు ఒలిస్తే 70 కిలోల పప్పు వస్తుందనుకుంటే కిలో పప్పు సుమారు 97 రూపాయలు పడుతుంది. 100 కిలోల పప్పుకు 42 లీటర్ల నూనె దిగుతుందని పెట్టుకుంటే లీటరుకు 2.4 కిలోల పప్పు, అంటే 233 రూపాయలు అవసరం. నూనె తీశాక మిగిలే 1.4 కిలోల పిప్పిని, అంటే చెక్కను, పశువుల మేతకు కిలో 40 చొప్పున అమ్మితే 56 రూపాయలు తిరిగి వస్తాయి కనుక ముడిసరుకు నికరంగా 177 అవుతుంది. ఒలుపు, రవాణా, తరుగు, డబ్బా, లేబుల్ కలిపి 43 వేసుకుంటే లీటరు 220కి తేలుతుంది. 300కు అమ్మితే 80 మిగులుతుంది. అద్దె, ఒక పనిమనిషి జీతం, కరెంటు, మరమ్మతులు, బ్యాంకు వాయిదా కలిపి నెలకు 40,000 ఖర్చు అనుకున్నాము కనుక నెలకు 500 లీటర్లు అమ్మితేనే ఈ దుకాణానికి అర్థం ఉంటుంది. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇళ్లు 125 కావాలి.

ఇవన్నీ ఊహలే. అయితే ఇప్పుడు వెతకవలసింది "గానుగ నూనెకు గిరాకీ ఉందా" అనే అంతులేని ప్రశ్నకు జవాబు కాదు. ఆ 125 ఇళ్లు ఎక్కడున్నాయి, ఇప్పుడు ఏ నూనె ఎవరి దగ్గర కొంటున్నాయి, మా దగ్గరికి రావడానికి వాటికి ఏ కారణం ఉంది అన్నవే. జనవరిలోగా ఆ ఇళ్లు ఉన్నాయని ఆధారం దొరకకపోతే ఈ ఆలోచన మానుకోవాలని కూడా మొదటి పేజీలోనే రాసుకున్నాము. ఈ షరతును ముందుగా రాసిపెట్టుకోకపోతే తర్వాత ఏ సమాచారం వచ్చినా అది మనకు అనుకూలంగానే కనిపిస్తుందని నా అభిప్రాయం.

సెప్టెంబర్ 8

ఇతరులు ఇప్పటికే సేకరించి ప్రచురించిన సమాచారాన్ని ముందు చదవాలని, ఆ తర్వాతే మనం వీధిలోకి వెళ్లి అడగాలని మార్కెట్ పరిశోధన పాఠాలన్నీ చెబుతాయి. మొదటి రకానికి ఖర్చు లేదు. కానీ అది మన ప్రశ్న కోసం తయారైనది కాదు కనుక జాగ్రత్తగా చదవాలి. అనంతపురం విషయంలో రెండు చిక్కులు వెంటనే ఎదురయ్యాయి. జనాభా లెక్కలు 2011 నాటివి. 2021లో జరగవలసిన గణన ఇంకా జరగలేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కాబట్టి పాత నివేదికల్లో "అనంతపురం జిల్లా" అని కనిపించే సాగు విస్తీర్ణంలోనూ దిగుబడిలోనూ కదిరి, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలు కలిసే ఉంటాయి. ఆ అంకెలను నేటి జిల్లాకు ఎత్తి రాసుకుంటే లెక్క తప్పుతుంది.

మాకు నిజంగా పనికివచ్చినది కేంద్ర గణాంక శాఖవారి 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో తలకు నెలసరి సగటు ఖర్చు 6,782 రూపాయలు, పల్లెల్లో 4,870. నలుగురున్న పట్టణ కుటుంబానికి నెల ఖర్చు సుమారు 27,000 అవుతుంది. ఆ ఇంట్లో నాలుగు లీటర్లూ గానుగ నూనే వాడితే 1,200 రూపాయలు, అంటే మొత్తం ఖర్చులో నాలుగు శాతానికి పైగా ఒక్క నూనెకే పోతుంది. 120 రూపాయల పొద్దుతిరుగుడు నూనె అయితే రెండు శాతం లోపే ముగుస్తుంది. కాబట్టి సగటు ఇల్లు మా ఖాతాదారు కాదు. సగటుకు పైనున్న ఇల్లు కావాలి, లేదా వంటలో కొంత భాగానికి మాత్రమే ఈ నూనె వాడే ఇల్లు కావాలి, లేదా డబ్బు పెట్టి నూనె కొననవసరం లేని ఇల్లు కావాలి. ఆ మూడో మాటను ఊరికే రాసి వదిలేశాను.

ఇక్కడే మరో పద్ధతిని కూడా పరీక్షించాము. 2011లోనే ఈ నగర జనాభా రెండున్నర లక్షలు దాటింది. ఇంటికి నలుగురు అనుకుంటే 62,500 ఇళ్లు. అందులో "కేవలం ఒక్క శాతం" మన దగ్గర కొంటే చాలు అని బ్యాంకు నివేదికల్లో రాస్తుంటారు. ఒక్క శాతమంటే 625 ఇళ్లు, నెలకు 2,500 లీటర్లు. రోజుకు ఎనిమిది వాయిల చొప్పున నెలకు పాతిక రోజులు ఆడినా మా యంత్రం తీయగలిగేది 1,260 లీటర్లే. ఒక్క శాతం అన్నమాట వినడానికి వినయంగా ఉంటుంది. అది ఏ ఇల్లో, ఏ వీధిలోదో మాత్రం చెప్పదు. ఈ లెక్కను పక్కన పెట్టాము.

సెప్టెంబర్ 15

నిన్నటి నుంచి వంటనూనెల దిగుమతి సుంకం పెరిగింది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద సెస్సులతో కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 శాతానికి, శుద్ధి చేసిన నూనెల మీద 13.75 నుంచి 35.75 శాతానికి చేరింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది కనుక దీని ప్రభావం పాతూరు కిరాణా కొట్టు దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. బావమరిది సంతోషించాడు: ప్యాకెట్ నూనె ప్రియమైతే గానుగ నూనెకు తేడా తగ్గుతుంది కదా అని. ఇది ఊహించి వదిలేయవలసిన విషయం కాదు; కళ్ల ముందు జరుగుతున్న పరీక్ష. కొన్ని కిరాణా కొట్లను ఎంచుకుని, వారం వారం అక్కడ ధరలు రాసుకోవడం మొదలుపెట్టాము.

ధరలు రాయడం చూసినంత సులువు కాదు. ప్యాకెట్ పరిమాణాల మీద ఉన్న పాత కట్టుబాటును 2022లో తొలగించారు కనుక ఒక లీటరు, అంటే సుమారు 910 గ్రాములు ఉండవలసిన చోట 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు అదే ఎత్తులో, అదే రంగులో కనిపిస్తాయి. ప్యాకెట్ ధర కాకుండా కిలో ధరే రాసుకోవాలని నియమం పెట్టుకున్నాము.

సెప్టెంబర్ 24

ప్రశ్నావళి తయారీకి కూర్చున్నాము. స్వయం ఉపాధి శిక్షణలో పంచిపెట్టే ఒక నమూనా పత్రం మిత్రుడి దగ్గర దొరికింది. అందులో మొదటి ప్రశ్న: "ఆరోగ్యకరమైన, కల్తీ లేని గానుగ నూనె మీ ప్రాంతంలో అందుబాటు ధరకు దొరికితే కొంటారా?" దీనికి కాదని చెప్పేవారు ఉంటారా? ప్రశ్నలోనే జవాబు ఉంది. అందుబాటు ధర ఎంతో చెప్పలేదు. రేపు ఏం చేస్తారని అడిగిందే తప్ప నిన్న ఏం చేశారని అడగలేదు. మనుషులు రేపటి గురించి మర్యాదగా, ఆశగా మాట్లాడతారు. నిన్నటి గురించి చెప్పేటప్పుడు వంటింట్లో ఉన్న డబ్బా గుర్తుకు వస్తుంది.

అందుకని ప్రశ్నలన్నీ జరిగిపోయిన వాటి గురించే రాశాము. చివరిసారి నూనె ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఏది, ఎంత, ఎంత ఇచ్చారు. ఇంట్లో ఇప్పుడు ఎన్ని రకాల నూనె ఉంది, ఏది దేనికి వాడుతున్నారు. గానుగ నూనె ఎప్పుడైనా కొన్నారా, కొని మానేస్తే ఎందుకు మానేశారు. ఆరోగ్యం అనే మాట మేము ఎక్కడా ఎత్తకూడదని కట్టడి చేసుకున్నాము. వారే ఎత్తితే పక్కన గుర్తు పెట్టాలి.

ఎవరిని అడగాలన్నది ఇంకా పెద్ద సమస్య. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో వేస్తే ఒక సాయంత్రానికే జవాబులు కుప్పగా వస్తాయి గానీ అవన్నీ మా చదువు, మా ఉద్యోగాలు, మా వయసు ఉన్నవారివే అవుతాయి. సాయినగర్, రాంనగర్ అపార్టుమెంట్లు, పాతూరు పాత ఇళ్లు, కళ్యాణదుర్గం రోడ్డు వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, విద్యార్థులకు భోజనం పెట్టే మెస్సులు అని నాలుగు గుంపులుగా విడదీసి, ప్రతి గుంపులోనూ ఇంచుమించు సమానంగా కలవాలని అనుకున్నాము. ఇది నగరం మొత్తానికి ప్రతినిధి కాదు. అలాంటి సర్వే చేసే స్తోమత మాకు లేదు. నాలుగు రకాల ఇళ్ల మధ్య తేడా కనిపిస్తే మాకు చాలు.

అక్టోబర్ 6

ఇళ్లకు వెళ్లడంలో మా వదిన తోడు రావడం ఎంతో మేలు చేసింది. మగవారిని అడిగితే బ్రాండ్ పేరు చెప్పి, "అంతా ఇంట్లోవాళ్లే చూసుకుంటారు" అని ముగించేవారు. వదిన అడిగితే వంటింటి తలుపు తెరుచుకునేది. అలా చూస్తే చాలా ఇళ్లలో రెండు నూనెలు ఉన్నాయి. బజ్జీలు, పూరీలు, పండగ పిండివంటల కోసం పొద్దుతిరుగుడు లేదా పామాయిల్ ప్యాకెట్. పోపు, చట్నీ, పప్పు, ఊరగాయ కోసం ఒక చిన్న స్టీలు డబ్బాలో వేరుశనగ నూనె. నాలుగు లీటర్లూ మా దగ్గరే కొనే ఇల్లు అరుదు. లీటరు, లీటరున్నర కొనే ఇళ్లు ఎక్కువ. 125 ఇళ్లు అనుకున్న లెక్క ఇక్కడే 400 ఇళ్ల వైపు జరిగింది.

పాతూరులో ఒక పెద్దావిడ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను: "కొనేదెందుకు నాయనా, మాకు ఇంటి కాయలు ఉండాయి, మిల్లుకేసి ఆడిచ్చుకుంటాం." కళ్యాణదుర్గం రోడ్డు ఇళ్లలో ఇదే మాట మళ్లీ మళ్లీ వినిపించింది. ఊళ్లో అన్నదమ్ముల చేనో, కౌలుకిచ్చిన చేనో ఉంటుంది. పంట రాగానే ఇంటి వాడకానికి కొన్ని మూటలు వస్తాయి. సెప్టెంబర్‌లో ఊరికే రాసి వదిలేసిన ఆ మూడో రకం ఇల్లు ఇదే. మా పోటీదారు ప్యాకెట్ నూనె అని ఇంతవరకూ అనుకుంటూ వచ్చాము. ఈ ఇళ్లలో పోటీదారు అటక మీదున్న మూట.

మెస్సుల గురించి రాయడానికి పెద్దగా లేదు. వారు పదిహేను లీటర్ల డబ్బా ధర తప్ప మరేదీ చూడరు. ఆ గుంపును జాబితాలోంచి తీసేశాము.

అక్టోబర్ 20

నగరంలో ఇప్పటికే నడుస్తున్న గానుగలు నెలకు ఎంత నూనె తీస్తున్నాయో తెలియాలి. యజమానులను అడిగితే చెప్పరు, చెప్పనవసరమూ లేదు. ఆదివారం ఉదయం ఒక గానుగకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని వచ్చేవారిని గమనించాము. బండి మీద వచ్చారా, నడిచి వచ్చారా, ఖాళీ డబ్బా తెచ్చుకున్నారా, సీసా కొన్నారా, ఎంతసేపు నిలబడ్డారు అన్నవి రాసుకున్నాము. స్టీలు డబ్బా తెచ్చుకున్నవారంతా పాత ఖాతాదారులే. వారు ధర అడగలేదు, గానుగ తిరుగుతున్న చోట నిలబడి చూసి, నింపించుకుని వెళ్లారు. మొదటిసారి వచ్చినవారు ధర అడిగి, సీసా వాసన చూసి, అర లీటరు కొన్నారు. కొందరు ధర విని వెళ్లిపోయారు. కొననివారిని కూడా లెక్కపెట్టడం ముఖ్యం. అమ్మకాల పుస్తకంలో వారి జాడ ఉండదు.

అసలు సమాచారం మాత్రం పాడి రైతుల దగ్గర దొరికింది. గానుగలో మిగిలే చెక్కను గేదెల కోసం కొనేవారికి ఏ గానుగ నుంచి వారానికి ఎన్ని బస్తాలు వస్తాయో కచ్చితంగా తెలుసు. దాచవలసిన అవసరం వారికి లేదు. 100 కిలోల పప్పు ఆడితే 42 లీటర్ల నూనె, అంటే 38 కిలోలు పోగా సుమారు 59 కిలోల చెక్క మిగులుతుంది. కాబట్టి ఒక గానుగ నుంచి వారానికి 300 కిలోల చెక్క బయటికి పోతుంటే అది 510 కిలోల పప్పు ఆడినట్టు, 214 లీటర్ల నూనె తీసినట్టు. ఈ సూత్రంతో మాకు తెలిసిన గానుగల ఉత్పత్తిని వేర్వేరుగా అంచనా వేశాము. ఒకటి నిండుగా నడుస్తోంది. మరొకటి సగం రోజులు ఆగే ఉంటోంది. రెండింటి ధరా ఒకటే, యంత్రమూ ఇంచుమించు ఒకటే. నిండుగా నడిచే చోట కిటికీ తీసి ఉంటుంది, గానుగ రోడ్డు మీదికి కనిపిస్తుంది. రెండో చోట అది లోపలి గదిలో ఉంది. తేడా అంతా దీనివల్లేనని అనలేను గానీ, అద్దె గది చూసేటప్పుడు మేము మొదట చూడవలసింది కిటికీయే.

మా లెక్కలో ఒక లోపం ఉంది: కొందరు చెక్కను ఇంటికే తీసుకుపోతారు. అందుకే ఈ అంకెలను కనిష్ఠ అంచనాలుగానే చూస్తున్నాము.

నవంబర్ 3

సుంకం పెరిగి నెలన్నర దాటింది. మేము రాసుకున్న పట్టిక ప్రకారం పొద్దుతిరుగుడు నూనె లీటరుకు ఇరవై రూపాయలకు పైగా పెరిగింది; పామాయిల్ కూడా అదే దారి పట్టింది. దసరా, దీపావళి పిండివంటల కాలంలో ఇలా జరిగినా గానుగ నూనె వైపు మళ్లిన ఇల్లు మా జాబితాలో ఒక్కటీ కనిపించలేదు. ప్యాకెట్ నూనె వాడేవారు చిన్న ప్యాకెట్‌కు దిగారు, లేదా మురుకుల పిండి తగ్గించారు. ధరలో తేడా రెండింతలకు పైగా ఉన్నంతకాలం ఈ రెండు నూనెలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావని మా నిర్ధారణ. బావమరిది సంతోషం చల్లారింది.

కార్తీకం మొదలు కావడంతో దీపాలకు నువ్వుల నూనె అడుగుతున్నారు. ఇది నెల రోజుల గిరాకీ. అదే గానుగలో నువ్వులు ఆడితే శుభ్రం చేయడానికి పట్టే సమయం, వాసన కలిసే ప్రమాదం చూసుకుంటే మొదటి సంవత్సరం దీని జోలికి పోకూడదనుకున్నాము.

ధర నిర్ణయానికి డచ్ ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ 1976లో ప్రతిపాదించిన పద్ధతిని ప్రయత్నించాము. ఎంత ఇస్తారని నేరుగా అడగకుండా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఏ ధరకు ఇస్తే ఇందులో ఏదో మోసం ఉందని అనుమానిస్తారు? ఏ ధరకు వస్తే చవకగా దొరికిందని అనుకుంటారు? ఏ ధర నుంచి ప్రియమనిపిస్తుంది, అయినా కొంటారు? ఏ ధర దాటితే ఇక కొనరు? జవాబులను నాలుగు గీతలుగా గీస్తే అవి ఖండించుకునే చోట్ల మధ్య ఒప్పుదల ఉన్న ధరల పరిధి తేలుతుంది.

ఇతర సరుకుల విషయంలో మొదటి ప్రశ్నకు జనం తడబడతారని చదివాను. అనంతపురంలో వేరుశనగ నూనె గురించి అడిగితే తడబాటే లేదు. ఇక్కడివారికి కాయల ధర తెలుసు, క్వింటాలుకు ఎంత పప్పు వస్తుందో తెలుసు, ఎంత నూనె దిగుతుందో తెలుసు. "రెండొందలకిస్తే అందులో పామాయిల్ ఉన్నట్టే లెక్క అన్నా" అని ఒకరు నా ముందే వేళ్ల మీద లెక్క వేసి చూపించారు. అది నేను సెప్టెంబర్ 2న రాసుకున్న లెక్కకు ఎంతో దూరంలో లేదు. ఈ జిల్లాలో ధర తగ్గించి మార్కెట్‌లోకి దిగడమన్న వ్యూహం పనిచేయదు. చవక ధర నమ్మకాన్ని పోగొడుతుంది. మా గీతలు 260 నుంచి 320 మధ్య కలిశాయి. అడిగినవారి సంఖ్య తక్కువ కనుక ఆ చివరలను పట్టుకుని వేలాడకుండా, 300 అన్న మా ఊహ మరీ తప్పు కాదని మాత్రమే తీసుకున్నాము.

నవంబర్ 24

మాటను చేతతో తూచే పరీక్ష ఈ నెలలో పెట్టాము. "తప్పకుండా కొంటాము" అన్నవారి దగ్గరికి తిరిగి వెళ్లి, గానుగ మొదలుపెట్టాక ఇచ్చే మొదటి లీటరు కోసం ముందుగా 100 రూపాయలు కడితే పేరు రాసుకుంటామని, మొదలుపెట్టకపోతే ఆ వంద తిరిగి ఇస్తామని చెప్పాము. ఇంకా నూనె అమ్మే అర్హత మాకు లేదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తే తప్ప, వంటనూనెను ప్యాక్ చేసి లేబుల్ అతికించకుండా విడిగా అమ్మకూడదు. ఏ ఆహార వ్యాపారానికైనా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. అందువల్ల సరుకు ఇవ్వకుండా పేరు మాత్రమే రాసుకున్నాము.

వంద తీసి ఇచ్చినవారు, తప్పకుండా కొంటామన్నవారిలో నాలుగో వంతు కూడా లేరు. ఇందులో నిరాశపడవలసింది లేదు. ఈ తేడా ఎంతో తెలుసుకోవడానికే ఈ పరీక్ష. ఎవరు ఇచ్చారన్నది ఇంకా విలువైన సమాచారం. ఆరోగ్యం గురించి ఎక్కువసేపు మాట్లాడినవారు దాదాపుగా ఇవ్వలేదు. ఇచ్చినవారంతా ఇప్పటికే గానుగ నూనె కొంటూ, ఏదో ఒక ఇబ్బంది పడుతున్నవారు: ఆఫీసు నుంచి వచ్చేసరికి మూసేస్తున్నారని ఒకరు, ప్లాస్టిక్ సీసాలో వద్దని ఒకరు, పోయినసారి నూనె కమురు వాసన వచ్చిందని మరొకరు. ప్రశ్నావళిలో "ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, అందులో ఇబ్బంది ఏమిటి" అన్న ఆ ఒక్క వరుసే మిగతా అన్నిటికంటే బాగా జోస్యం చెప్పింది.

కళ్యాణదుర్గం రోడ్డు ఇళ్లలో వంద అడిగినప్పుడు మాకే ఎదురు ప్రశ్న వచ్చింది: "డబ్బుల సంగతి సరే అన్నా, మా కాయలు తెస్తే ఆడిచ్చిస్తావా?" కూలీకి ఆడించే ఏర్పాటు మా ప్రశ్నావళిలో లేదు. చాలామంది తమంతట తామే అడిగారు కనుక దీన్ని విడిగా చూడాలి.

డిసెంబర్ 8

ఖరీఫ్ కాయలు ఇళ్లకు చేరాయి. ఈసారి నగరంలో కాకుండా కళ్యాణదుర్గం, ఉరవకొండ దారుల్లోని పల్లెలకు వెళ్లి, పోయిన సంవత్సరం కాయలు ఎక్కడ ఆడించారు, ఎన్ని మూటలు, ఎంత కూలీ, ఏ నెలలో అన్నవి అడిగాము. 40 కిలోల మూట ఒలిస్తే 28 కిలోల పప్పు, దాదాపు 12 లీటర్ల నూనె. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇంటికి ఏడాదికి నాలుగు మూటలు కావాలి. చాలా ఇళ్లు రెండు మూటలు మాత్రమే ఆడించి, మిగతా నెలలు ప్యాకెట్ నూనెతో గడుపుతున్నాయి. మరి రెండెందుకని అడిగితే, మూడు నెలలకు మించి నిలవ ఉంచితే నూనె రుచి మారుతుందని, ప్రతి మూడు నెలలకూ మిల్లుకు వెళ్లే తీరిక లేదని చెప్పారు.

ఇబ్బందులు కూడా స్పష్టంగా బయటపడ్డాయి. పెద్ద మిల్లులో చిన్న మొత్తం విడిగా ఆడరు. మీ పప్పూ వారి పప్పూ కలిపి ఆడి, బరువు ప్రకారం నూనె పోస్తారు. తమ చేని కాయలను ఎండబెట్టి, పుచ్చులు ఏరి తెచ్చినవారికి ఇది అసలు నచ్చదు. కాయలు ఒలిచే యంత్రం ఒక చోట, గానుగ మరో చోట ఉండడం రెండో చిక్కు. "నా కాయల నూనె నాకే రావాల, నేను నిలబడి చూడాల" అన్న రైతు మాటలో మేము పెట్టబోయే దుకాణం రూపురేఖలు మొత్తం ఉన్నాయి. పదిహేను కిలోల వాయి అన్నది మా యంత్రానికి పరిమితి అనుకున్నాము. ఈ ఖాతాదారులకు అదే సరైన కొలత.

కూలీ గురించి జవాబులు కలగాపులగంగా ఉన్నాయి. కొన్నిచోట్ల కిలోకు ఇంతని తీసుకుంటారు. కొన్నిచోట్ల చెక్కను మిల్లుకు వదిలేస్తే కూలీ అడగరు. గేదెలున్న ఇల్లు చెక్కను వదలదు. లేని ఇల్లు సంతోషంగా వదులుతుంది. రెండు పద్ధతులూ ఉంచవలసి వస్తుంది.

డిసెంబర్ 22

కొత్త లెక్క వేశాము. కిలో పప్పుకు 20 రూపాయల కూలీ అనుకుంటే పదిహేను కిలోల వాయికి 300 వస్తుంది. నెల ఖర్చు 40,000 రాబట్టాలంటే 133 వాయిలు, పాతిక పనిదినాలకు రోజుకు ఐదుకు కొంచెం పైన. యంత్రం ఎనిమిది ఆడగలదు కనుక సామర్థ్యం చాలుతుంది. అన్నిటికంటే పెద్ద తేడా పెట్టుబడిలో ఉంది. నెలకు 500 లీటర్లు తీసి అమ్మాలంటే 1,200 కిలోల పప్పు ముందుగా కొనాలి. అది లక్ష రూపాయలకు పైమాట. కూలీకి ఆడిస్తే ముడిసరుకు ఖాతాదారే తెస్తాడు, ధర పడిపోయినా నష్టం మా మీద పడదు.

నమోదు విషయంలోనూ తేడా ఉంది. 500 లీటర్లు 300 చొప్పున ఏడాది పొడవునా అమ్మితే టర్నోవరు 18 లక్షలు. 2024 నాటి నిబంధనల ప్రకారం 12 లక్షలు దాటితే రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. కూలీ మీద నడిస్తే ఐదు లక్షల లోపే ఉంటుంది కనుక ఏడాదికి 100 రూపాయల రుసుముతో ప్రాథమిక నమోదు సరిపోతుంది. కూలీకి ఆడించడమూ ఆహార శుద్ధి పనే కనుక ఆ నమోదు లేకుండా మాత్రం కుదరదు.

కూలీ గిరాకీ ఏడాది పొడవునా ఉండదు. పల్లెల్లో వచ్చిన జవాబులను నెలల వారీగా పేరిస్తే డిసెంబర్ నుంచి మార్చి దాకా ఒక పొంగు, మామిడికాయ ఊరగాయ కాలంలో ఇంకొకటి కనిపిస్తున్నాయి. జూలై నుంచి అక్టోబర్ దాకా దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీ నెలలను నూనె అమ్మకంతో నింపాలి. వంద కట్టిన ఇళ్లు, వారి ద్వారా వచ్చే ఇళ్లు ఆ నెలలకు. అంటే వ్యాపారం ఒకటే అయినా ఖాతాదారులు ఇద్దరు. ఒకరి కోసం ఒలుపు యంత్రం, నిలబడి చూసే చోటు, బండి ఆపుకునే జాగా కావాలి. ఇంకొకరి కోసం రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండడం, స్టీలు డబ్బా, లేబుల్ కావాలి. సాయినగర్‌లో చూసిన గదిని వదిలేసి, కళ్యాణదుర్గం రోడ్డులో రోడ్డు వైపు కిటికీ ఉన్న షెడ్డు కోసం వెతుకుతున్నాము; అద్దె కూడా అక్కడ తక్కువ.

మొదటి పేజీలో రాసుకున్న షరతు ప్రకారం, అనుకున్న రూపంలో ఈ వ్యాపారం నిలవదు: నెలకు 500 లీటర్లు కొనే ఇళ్లు ఉన్నాయనడానికి ఆధారం దొరకలేదు. మార్చిన రూపానికి ఆధారం ఉంది గానీ పూర్తిగా లేదు. పల్లెల్లో అడిగినవారు నిజంగా మూట ఎత్తుకుని వస్తారో లేదో ఇంకా చూడలేదు. అందుకని సగం రోజులు ఆగి ఉండే ఆ గానుగ యజమానితో మాట్లాడి, జనవరిలో వారానికి ఒక రోజు యంత్రాన్ని అద్దెకు తీసుకుని, అతని నమోదు మీదనే, వచ్చినవారి కాయలు విడివిడిగా ఆడించి చూడాలని నిర్ణయించుకున్నాము. ఆయన సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు.

బ్యాంకుకు ఇవ్వవలసిన ప్రాజెక్టు నివేదికను అంతవరకూ ఆపాము. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కేంద్ర పథకం కింద ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఉంది. ఆ పథకంలో జిల్లాకు ఒక సరుకును ఎంచిన "ఒక జిల్లా, ఒక ఉత్పత్తి" జాబితాలో అనంతపురానికి ఉన్నది వేరుశనగే. రాయితీ ఉందని యంత్రాల జాబితా పెంచమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. మిగతా 65 శాతం మేమే కట్టాలి కనుక ఒక గానుగ, ఒక ఒలుపు యంత్రం, ఒక తూకం దాటి జాబితా పెంచలేదు. గిరాకీ అన్న పేజీలో జనవరి అద్దె గానుగ దగ్గర వచ్చే వాయిల లెక్కే రాస్తాము. ఆ లెక్క కోసం ఒక పుస్తకం గీసి పెట్టాను: తేదీ, ఊరు, కాయలా పప్పా, ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్లు దిగింది, చెక్క ఎవరికి, ఎంతసేపు ఆగారు, మళ్లీ ఎప్పుడు వచ్చారు. చివరి గడిలో, మొదటిసారి వచ్చిన రోజున ఏమీ రాయకూడదు. వారు మళ్లీ వచ్చిన రోజునే ఆ తేదీ వేయాలి.